మినీ ఆలోచనకు ఫియట్ ఇంజినీరు దిద్దుబాటు

యుద్ధం తర్వాత యూరప్‌లో పుట్టిన చిన్న కార్ల మాట వస్తే రెండు పేర్లు పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకటి బ్రిటన్ వాళ్ల మినీ, రెండోది ఇటలీ వాళ్ల ఫియట్ 500. రెండూ సుమారు మూడు మీటర్ల పొడవున్న కార్లు. ఫియట్ 1957 జులైలో వచ్చింది, మినీ 1959 ఆగస్టులో వచ్చింది. రెండింటినీ పోల్చేవాళ్లు ఎక్కువగా ఒకటే తీర్పు ఇస్తారు: మినీ ఒక విప్లవం, ఫియట్ 500 ఒక ముద్దొచ్చే బుల్లి కారు. ఈ తీర్పు ఫియట్‌కు అన్యాయం చేస్తుంది, మినీ చరిత్రను కూడా సగంలోనే ఆపేస్తుంది. మినీలో మొదలైన ఆలోచన ఇవాళ్టి కార్లలో కనిపించే రూపానికి రావడానికి ఆ ఫియట్ 500ను గీసిన ఇంజినీరు దాంతే జకోసాయే కారణం.

ముందు ఈ రెండు కార్లు ఎందుకు పుట్టాయో చూడాలి. కారణాలు వేరు కాబట్టే కార్లూ వేరయ్యాయి.

ఇటలీలో 1950ల మొదట్లో సామాన్యుడి బండి అంటే స్కూటరే. 1946లో వెస్పా, మరుసటి ఏడాది లాంబ్రెటా వచ్చాక భర్త, భార్య, మధ్యలో పిల్లాడు, ముందు నిలబడిన ఇంకో పిల్లాడు ఒకే బండి మీద వెళ్లడం అక్కడ మామూలు దృశ్యం. మన ఊళ్లలో చాలా కాలం చూసినదే. వాన పడితే తడవాలి, చలికాలం వణకాలి. వీళ్లందరూ కాస్త డబ్బు చేరితే కారు కొనేవాళ్లే. ఆ కొద్దిపాటి డబ్బుకు కారు తయారు చేయడం ఎలా అన్నది ట్యూరిన్‌లోని ఫియట్ ముందున్న ప్రశ్న. 1955లో ఆ కంపెనీ తెచ్చిన ఫియట్ 600 నలుగురు కూర్చునే మంచి కారు. ధర 5,90,000 లీరాలు. స్కూటరు మీద తిరిగే కుటుంబానికి అది ఇంకా దూరంగానే ఉంది. అంతకన్నా కింది మెట్టు కావాలి.

బ్రిటన్ కథ వేరు. 1956 జులైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ఆ ఏడాది చివర యుద్ధం, కాలువ మూత, చమురు కొరత. డిసెంబరు నుంచి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. చిన్న ఇంజన్లతో నడిచే జర్మన్ బబుల్ కార్లు ఒక్కసారిగా గిరాకీ అందుకున్నాయి. ముందు భాగం తలుపులా తెరుచుకునే ఇసెట్టా లాంటి బండ్లవి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్, అంటే బీఎంసీ, అధిపతి లెనార్డ్ లార్డ్‌కు అవి రోడ్డు మీద కనబడితేనే ఒళ్లు మండేది. వాటిని తరిమేసేలా ఒక అసలైన చిన్న కారు కావాలని ఆయన తన ఇంజినీరు అలెక్ ఇసిగోనిస్‌కు చెప్పాడు. షరతు ఒక్కటే. కంపెనీ దగ్గర అప్పటికే ఉన్న ఇంజన్నే వాడాలి. కొత్త ఇంజన్‌కు డబ్బూ లేదు, టైమూ లేదు.

అంటే ఫియట్‌కు కారు ఖరీదు తగ్గాలి, బీఎంసీకి కారు సైజు తగ్గాలి. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇంజినీరు బల్ల మీదికి వచ్చేసరికి దారులు పూర్తిగా విడిపోతాయి.

తీసేయడంలో నేర్పు

దాంతే జకోసా 1905లో రోమ్‌లో పుట్టాడు. ట్యూరిన్ పాలిటెక్నిక్‌లో చదివి ఫియట్‌లో చేరాడు. ముప్పై ఏళ్లు నిండుతుండగానే, 1936లో వచ్చిన తొలి ఫియట్ 500, అందరూ తొపొలీనో అని ముద్దుగా పిలుచుకున్న కారు, ఆయన చేతుల్లో రూపుదిద్దుకుంది. మన దేశంలో ఫియట్ 1100గా మొదలై తర్వాత ప్రీమియర్ పద్మినిగా బొంబాయిలోని కుర్లాలో దశాబ్దాల పాటు తయారైన కారు కూడా ఆయన నాయకత్వంలో వచ్చినదే. తెలుగు ఊళ్లలో డాక్టరుగారి ఇంటి ముందు కనిపించిన ఆ ఫియట్‌కూ ఈ వ్యాసంలోని బుల్లి కారుకూ తండ్రి ఒక్కడే.

1957 నాటి కొత్త 500లో జకోసా చేసిన పని ప్రధానంగా తీసేయడం. నాలుగు సిలిండర్లు అక్కర్లేదు, రెండు చాలు. 479 సీసీ, మొదట్లో 13 హార్స్ పవర్. ఇంజన్‌ను గాలితోనే చల్లబరచాడు కాబట్టి రేడియేటరు లేదు, నీళ్ల పంపు లేదు, చలికి గడ్డకడుతుందన్న బెంగా లేదు. పైకప్పులో చాలా భాగం ఇనుప రేకు బదులు మడత పెట్టే గుడ్డ. అది ఎండ కోసం పెట్టిన షోకు కాదు. రేకు ఖర్చు తగ్గింది, పైగా వెనక ఇంజన్ మోత లోపల గుమ్మరించకుండా పైకి పోయేది. రెండు పిస్టన్లూ ఒకేసారి పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి ఆ ఇంజన్ ఊగుతుంది, గొణుగుతుంది. గుడ్డ కప్పు అవసరం అక్కడి నుంచి వచ్చింది.

లోపల కూర్చుంటే ఈ పొదుపు ఇంకా బాగా అర్థమవుతుంది. ఎదురుగా గుండ్రటి స్పీడోమీటరు ఒక్కటే. పెట్రోలు ఎంత ఉందో చూపే ముల్లు లేదు, అడుగంటుతున్నప్పుడు వెలిగే చిన్న దీపం ఉంది. గేరు రాడ్డు వెనక, సీట్ల మధ్య, రెండు బుల్లి మీటలు. ఒకటి చోక్, ఇంకొకటి పైకి లాగితే ఇంజన్ స్టార్ట్ అయ్యే మీట. చలికాలంలో వెచ్చదనం కావాలంటే ఇంజన్‌ను చల్లబరిచి వేడెక్కిన గాలే మధ్య సొరంగం గుండా ముందుకు వస్తుంది. గేర్‌బాక్సులో సింక్రోమెష్, అంటే గేరు మార్చేటప్పుడు పళ్ల చక్రాల వేగాలను తనే కలిపే ఏర్పాటు, లేదు. గేరు తగ్గించాలంటే మన పాత లారీ డ్రైవర్లకు బాగా అలవాటైన డబుల్ క్లచ్ తొక్కాల్సిందే. ముందు చక్రాలకు అడ్డంగా వేసిన ఒకే ఒక పట్టీ స్ప్రింగు రెండు పనులు చేస్తుంది: కుదుపును మింగుతుంది, చక్రాన్ని పట్టి ఉంచే కింది చెయ్యిగానూ ఉంటుంది. ఒక భాగం చేత రెండు పనులు చేయించడం జకోసా పద్ధతి. ఆయన కారులో ఇలాంటివి వెతికే కొద్దీ దొరుకుతాయి.

ఇంజన్ వెనకే ఎందుకు? ఇక్కడే జకోసాను సంప్రదాయవాది అని తేల్చేస్తారు. నిజానికి అది లెక్క. ఇంజన్, గేర్‌బాక్సు, నడిచే చక్రాలు అన్నీ ఒకేచోట ఉంటే కారు పొడవునా పోయే షాఫ్టు అక్కర్లేదు. షాఫ్టు లేకపోతే కారు తేలికవుతుంది, ధర తగ్గుతుంది. ఈ లాభం ముందు చక్రాలతో నడిపినా వస్తుంది. కానీ ముందు చక్రాలు తిరగాలి కూడా. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కూడా చక్రానికి ఒకే వేగంతో, కుదుపు లేకుండా శక్తి అందించే జాయింటు ఆ రోజుల్లో ఖరీదైనది, నమ్మకంగా భారీ సంఖ్యలో చేయడమూ కష్టం. వెనక చక్రాలు స్టీరింగ్‌తో తిరగవు కాబట్టి వాటికి సాదా జాయింటు చాలు. స్కూటరు ధరతో పోటీ పడాల్సిన కారులో ఆ తేడా చిన్నది కాదు.

అయినా జులై 4న విడుదలైన ఆ కారు మొదట దెబ్బతింది. పొదుపు హద్దు దాటింది. వెనక సరైన సీటు లేదు, ఒక పలక మాత్రమే ఉంది. తలుపు అద్దాలు కిందికి దిగవు, మూలన ఉన్న చిన్న మూడు మూలల అద్దం ఒక్కటే తెరుచుకుంటుంది. 13 హార్స్ పవర్‌తో బండి ఎత్తుల మీద ఆయాసపడింది. స్కూటరు మీద నలుగురు వెళ్లే కుటుంబానికి ఇద్దరు కూర్చునే కారు చూపిస్తే ఎవరు కొంటారు? ఫియట్ 600 అమ్మకాలకు గండి పడకూడదనే వెనక సీటు ఇవ్వలేదని అంటారు. అది నిజమైతే కంపెనీ తన కొనుగోలుదారుణ్ణి పొరపాటుగా అంచనా వేసినట్టే. కొన్ని నెలల్లోనే శక్తి పెంచారు, దిగే అద్దాలు పెట్టారు, వెనక బల్ల సీటు వేశారు, ధర తగ్గించిన రకం ఒకటి తెచ్చారు. తర్వాత్తర్వాత ఇంజన్ 499 సీసీకి పెరిగింది. 1959లో ఈ కారు డిజైన్‌కు కొంపాసో దోరో అవార్డు వచ్చింది. 1960లో వచ్చిన జార్దినియేరా అనే పొడవాటి రకంలో జకోసా ఇంజన్‌ను పక్కకు పడుకోబెట్టి నేల కిందికి దించాడు. దాని మీద చదునైన సామాను చోటు వచ్చింది. వెనక ఇంజన్ ఉంటే సామానుకు చోటుండదన్న మాటకు అది ఆయన ఇచ్చిన జవాబు.

అడ్డం తిరిగిన ఇంజన్

అలెక్ ఇసిగోనిస్ 1906లో టర్కీలోని స్మిర్నాలో, ఇప్పటి ఇజ్మీర్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ పౌరసత్వమున్న గ్రీకు, తల్లి జర్మన్. 1922లో ఆ ఊరు యుద్ధంలో చిక్కుకున్నప్పుడు కుటుంబం ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది, తల్లీకొడుకులు చివరికి ఇంగ్లండ్ చేరారు. 1948 నాటి మోరిస్ మైనర్ ఆయనకు పేరు తెచ్చిన కారు. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కార్లలోని టార్షన్ బార్ ముందు సస్పెన్షన్, అంటే స్ప్రింగు బదులు మెలి తిరిగే ఉక్కు కడ్డీ కుదుపును మింగే ఏర్పాటు, ఆయన ఆ కాలంలో మోరిస్‌లో ప్రవేశపెట్టిన పద్ధతే. ఒకప్పుడు మన రోడ్లను పంచుకున్న రెండు కార్లు, అంబాసిడర్, ఫియట్, ఈ ఇద్దరు ఇంజినీర్ల లోకం నుంచే వచ్చాయి.

మినీ కోసం ఇసిగోనిస్ పెట్టుకున్న కొలత పది అడుగుల పొడవు. అందులో నలుగురు పెద్దవాళ్లు, వాళ్ల సామాను పట్టాలి. మామూలుగా నాలుగు సిలిండర్ల ఇంజన్ నిలువుగా ఉంటుంది, దాని వెనక గేర్‌బాక్సు, అక్కడి నుంచి వెనక చక్రాల దాకా షాఫ్టు. ఈ వరసే కారులో మూడో వంతు దాకా మింగేస్తుంది. ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డం తిప్పాడు. ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. జర్మనీ కంపెనీ డీకేడబ్ల్యూ 1931లోనే రెండు సిలిండర్ల ఇంజన్‌ను అడ్డంగా పెట్టి ముందు చక్రాలను నడిపింది. కానీ నీళ్లతో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజన్ అంతకన్నా వెడల్పు. మినీ వెడల్పేమో సుమారు 1.4 మీటర్లు. ఇంజన్ అడ్డంగా పడుకుంటే గేర్‌బాక్సుకు పక్కన చోటు మిగలలేదు. అందుకని గేర్లను ఇంజన్ కిందకు, ఆయిల్ ఉండే సంప్‌లోకి దించేశాడు. ఇంజన్, గేర్లు ఒకే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. రేడియేటరు ముందు కాకుండా ఎడమ పక్కకు, చక్రం గూడు వైపు తిరిగి కూర్చుంది.

స్టీరింగ్ జాయింటు సమస్య? 1920ల్లో ఆల్ఫ్రెడ్ జెప్పా కనిపెట్టిన గుండ్ల జాయింటును బ్రిటన్‌లో భారీ సంఖ్యలో చేసే దారి దొరికింది. జకోసా రెండేళ్ల ముందు వదులుకున్న అడ్డంకిని మినీ డబ్బు పెట్టి దాటింది.

ఇంకా చోటు కావాలి. చక్రాలను పది అంగుళాలకు కుదించాడు. అంత చిన్న టైర్లు అసలు కారుకు లేవు కాబట్టి డన్‌లప్ ప్రత్యేకంగా తయారు చేసింది. చక్రాలు చిన్నవైతే వాటి గూళ్లు లోపలికి పొడుచుకు రావు. నాలుగు చక్రాలనూ నాలుగు మూలలకు నెట్టాడు. సస్పెన్షన్ కోసం అలెక్స్ మౌల్టన్ తయారు చేసిన రబ్బరు కోన్‌లు వాడాడు. ఈ రబ్బరు సంగతి కాస్త ఆగి చూడదగ్గది. ఆరు వందల కిలోల లోపు కారులో నలుగురు ఎక్కితే బరువు దాదాపు సగం పెరుగుతుంది. మామూలు స్ప్రింగును ఒక్కడికి మెత్తగా ఉండేలా చేస్తే నలుగురికి కుంగిపోతుంది, నలుగురికి సరిపెడితే ఒక్కడిని ఎగరేస్తుంది. రబ్బరు కోన్‌ను నొక్కే కొద్దీ అది గట్టిపడుతుంది. బరువు పెరిగిన కొద్దీ తనే సర్దుకుంటుంది. పైగా పిడికెడు చోటులో ఇమిడిపోతుంది. 1964లో ద్రవంతో పనిచేసే హైడ్రోలాస్టిక్ సస్పెన్షన్‌కు మారి, కొన్నేళ్లకు ఖర్చు కారణంగా మళ్లీ ఈ రబ్బరుకే వచ్చారు. కారు ఆగిపోయే దాకా అదే ఉంది.

ఇంత చేశాక నేల విస్తీర్ణంలో సుమారు 80 శాతం మనుషులకూ సామానుకూ దక్కింది. మినీ అసలు ఘనత ఈ ఒక్క సంఖ్యలో ఉంది. తలుపులకు జరిపే అద్దాలు పెట్టడంతో, దిగే అద్దానికి కావాల్సిన యంత్రం లేక తలుపు బోలుగా మిగిలింది. ఆ బోలు పెద్ద అర అయింది, మోచేతికి చోటూ దొరికింది. డిక్కీ మూత కిందికి తెరుచుకుంటుంది, సామాను ఎక్కువైతే మూతను అలాగే తెరిచి దాని మీద పెట్టుకుని వెళ్లొచ్చు. అప్పుడు నంబరు ప్లేటు వేలాడేలా దానికి మడతబందు పెట్టారు. ఎవరైనా చూడాలని పెట్టిన సొగసు ఒక్కటీ లేదు. రేకుల అతుకులు బయటికే కనిపిస్తాయి, తలుపుల బందులూ బయటే. వెల్డింగు సులువు, ఖర్చు తక్కువ.

ఇంజన్ 848 సీసీ, 34 హార్స్ పవర్. తొలి నమూనాల్లో 948 సీసీ ఇంజన్ పెడితే కారు మరీ వేగంగా పరుగెత్తుతోందని తగ్గించారు. ఫియట్ 500 గంటకు 85 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతే మినీ 115 దాటేది.

ధర దగ్గర తేలిన నిజం

మినీని 500 పౌండ్ల లోపు ధరకు పెట్టారు. అందులో ఎంత మేధస్సు, ఎన్ని కొత్త భాగాలు ఉన్నాయో తెలిసినవారికి ఆ ధర నమ్మశక్యంగా అనిపించలేదు. ఫోర్డ్ కంపెనీ ఒక మినీని కొని విప్పి లెక్కగట్టి, బీఎంసీకి ఒక్కో కారు మీద 30 పౌండ్ల దాకా నష్టం వస్తోందని తేల్చిందన్నది బ్రిటిష్ కార్ల పరిశ్రమలో బాగా తెలిసిన కథ. బీఎంసీ వాళ్లు ఆ లెక్కను ఒప్పుకోలేదు. అయితే ఇన్ని లక్షల కార్లు అమ్మిన మోడల్ ఆ కంపెనీకి పెద్దగా లాభాలు తేలేదన్న మాట మీద మాత్రం వివాదం తక్కువ.

తొందరలో చేసిన తప్పులూ ఉన్నాయి. నేల రేకుల అతుకు ముందుకు చూసేలా పడటంతో వాన నీళ్లు లోపలికి వచ్చి కాళ్ల దగ్గర నిలిచేవి. ఇంజన్‌ను తిప్పి పెట్టడంలో డిస్ట్రిబ్యూటరు, అంటే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం, సరిగ్గా ముందు జాలీ వెనకకు వచ్చింది, జోరు వానలో తడిసి కారు ఆగిపోయేది. వీటిలో మొదటిదాన్ని త్వరగానే దిద్దారు. ఇంగ్లండ్ లాంటి వాన దేశంలో, ఎండాకాలంలో పరీక్షించిన కారుకు ఈ గతి పట్టడం ఆ తొందరకు చెల్లించిన మూల్యం.

ఇక కొన్నది ఎవరు? కార్మికుల కోసం అనుకున్న మినీ మొదట నెమ్మదిగానే కదిలింది. సామాన్యుడు అంత చిన్న చక్రాల కారును అనుమానంగా చూశాడు. లండన్ పైవర్గం, సినిమా తారలు, సంగీతకారులు ఎగబడి కొన్నాకే అది ఫ్యాషన్ అయింది, ఆ తర్వాతే అందరి కారు అయింది. 1961లో రేసు కార్లు తయారు చేసే జాన్ కూపర్ సాయంతో వేగవంతమైన రకం వచ్చింది. 1964, 1965, 1967ల్లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. 1966లో ముందుగా వచ్చినా హెడ్‌లైట్ల నిబంధన చూపి అనర్హుణ్ణి చేశారు. మంచు మీద పెద్ద కార్లు జారిపోయే చోట ముందు చక్రాల మీద బరువు, లాగుడు రెండూ ఉన్న ఈ చిన్న బండి పట్టు వదల్లేదు. ఇసిగోనిస్ చోటు కోసం చేసిన ఏర్పాటు పందెంలో కూడా పనికొచ్చింది, అది ఆయన వెతకని వరం.

ఫియట్ 500 మాత్రం తను అనుకున్న మనిషినే చేరుకుంది. ఇటలీ ఆర్థికంగా ఎగబాకుతున్న సంవత్సరాలవి. మిలాన్ నుంచి నేపుల్స్ దాకా కొత్త హైవే 1956లో మొదలై 1964కు పూర్తయింది. కంతుల మీద 500 కొనుక్కుని మొదటిసారి సముద్రం చూడటానికి వెళ్లిన కుటుంబాలు ఆ తరంలో కోకొల్లలు. 1975లో ఆగే నాటికి 38 లక్షలకు పైగా తయారయ్యాయి. మినీ 1959 నుంచి 2000 అక్టోబరు దాకా, అంటే నలభై ఏళ్లకు పైగా నడిచి 53 లక్షలు దాటింది. ఏడాది లెక్కన చూస్తే ముద్దొచ్చే బుల్లి కారే ముందుంటుంది. తన కాలపు మనుషుల అవసరం తీర్చడమే కొలబద్ద అయితే ఫియట్‌కే ఎక్కువ మార్కులు వేయాలి. విచిత్రంగా మినీ ఇటలీలో కూడా తయారైంది. 1965 నుంచి దాన్ని అక్కడ బిగించింది మిలాన్‌లోని ఇన్నొచెంటి, అంటే లాంబ్రెటా స్కూటర్లు చేసిన సంస్థే.

వెనక ఇంజన్ దారి తర్వాత మూసుకుపోయింది. వెనక బరువు ఎక్కువైన కారు పక్కగాలికి, వేగం పెరిగిన మలుపులకు తడబడుతుంది. ముందు పెట్రోలు ట్యాంకు, స్టెప్నీ పెట్టాక సామానుకు మిగిలేది ఒక చిన్న పెట్టె చోటే. హైవేలు పెరిగి వేగం పెరిగే కొద్దీ ఈ లోపాలు పెద్దవయ్యాయి. అయినా ఆ లెక్క పూర్తిగా చావలేదు. యాభై ఏళ్ల తర్వాత, 2008లో టాటా నానో వచ్చినప్పుడు అందులో ఉన్నది కూడా వెనక రెండు సిలిండర్ల ఇంజనే, నడిచేది వెనక చక్రాలే. స్కూటరు మీద తడుస్తూ వెళ్లే కుటుంబమే దాని వెనక ప్రేరణ. అదే ప్రశ్నకు అదే రకం జవాబు.

గేర్‌బాక్సు సంప్‌లోంచి బయటికి

మినీలో గెలిచిన ఏర్పాటుకు ఒక ముల్లు మిగిలింది. గేర్లు ఇంజన్ ఆయిల్‌లోనే తిరగడం. ఇంజన్‌కు మంచి ఆయిల్ గేర్లకు మంచిది కాదు. గేర్ల పళ్ల మధ్య నలిగి ఆయిల్ త్వరగా బలహీనపడుతుంది, గేర్లు అరిగి రాలిన పొడి ఇంజన్ బేరింగుల దాకా వెళ్తుంది. ఆయిల్ మార్చడంలో నిర్లక్ష్యం చేస్తే రెండూ పోతాయి. ఇంజన్ నుంచి కిందున్న గేర్లకు శక్తి దించడానికి అదనపు పళ్ల చక్రాలు పెట్టాలి, అవి కూతపెడతాయి. మినీ నడిపినవాళ్లకు ఆ కూత బాగా గుర్తుంటుంది. గేర్‌బాక్సు పాడైతే ఇంజన్‌తో సహా కిందికి దించాలి. ఇసిగోనిస్ మాత్రం ఈ పద్ధతిని వదల్లేదు. 1962 నాటి 1100 మోడల్‌లోనూ, తర్వాతి పెద్ద కార్లలోనూ అదే వాడాడు.

ట్యూరిన్‌లో జకోసా మినీని జాగ్రత్తగా చూశాడు. అడ్డ ఇంజన్ సరైనదే. తప్పు గేర్‌బాక్సు చోటులో ఉంది. ఆయన దాన్ని ఇంజన్ పక్కన, అదే వరసలో, వేరే పెట్టెలో, వేరే ఆయిల్‌తో పెట్టాడు. అలా పెడితే నడిపే యంత్రం కారు మధ్యకు రాదు, ఒక పక్కకు జరుగుతుంది. కాబట్టి ఒక చక్రానికి వెళ్లే షాఫ్టు పొట్టిగా, రెండోదానికి పొడుగ్గా ఉంటుంది. చూడటానికి వంకరగా ఉన్నా పనికి అడ్డు రాలేదు. క్లచ్ యంత్రాన్ని కూడా కుదించి మందం తగ్గించాడు.

ఫియట్ యాజమాన్యం ఈ ప్రయోగాన్ని తన పేరు మీద చేయడానికి జంకింది. తనకు వాటా ఉన్న ఆటోబియాంకి అనే చిన్న కంపెనీ పేరుతో 1964లో ప్రిములా అనే కారుగా బయటికి తెచ్చింది. విఫలమైతే మచ్చ ఫియట్‌కు అంటదు. అందులో ఫియట్ 1100డి నుంచి తీసుకున్న 1,221 సీసీ ఇంజన్ అడ్డం తిరిగింది. మన పద్మిని కూడా ఆ 1100 కుటుంబపు కారే, అందులో మాత్రం ఇంజన్ చివరిదాకా నిలువుగానే ఉండిపోయింది.

ఇసిగోనిస్‌కు ఇక్కడ న్యాయం చేయాలి. ప్రిములా వెడల్పు మినీ కన్నా పదిహేను సెంటీమీటర్లకు పైగా ఎక్కువ. ఆ చోటు ఉంటే గేర్‌బాక్సు పక్కన పడుతుంది. మినీలో పట్టదు. పది అడుగుల కారు కావాలన్న పట్టుదలే ఆయన్ను సంప్ వైపు నెట్టింది. ఆయన తప్పు మినీలో కాదు. చోటున్న పెద్ద కార్లలో కూడా అదే పద్ధతి పట్టుకు వేలాడటంలో ఉంది.

ప్రిములా నమ్మకం కలిగించాక 1969లో ఫియట్ తన సొంత పేరుతో 128 తెచ్చింది. కొత్త ఇంజన్‌ను అంతకు ముందు ఫెరారీలో పనిచేసిన ఔరేలియో లాంప్రెది గీశాడు. మరుసటి ఏడాదికి అది యూరప్ మేటి కారుగా ఎంపికైంది. 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ వచ్చింది, వెనక ఇంజన్ బీటిల్‌తో దశాబ్దాలు గడిపిన కంపెనీ ఇంజన్‌ను ముందుకు తెచ్చి అడ్డం తిప్పి గేర్‌బాక్సును పక్కన పెట్టింది. 1983 డిసెంబరులో మన దేశంలో మొదలైన మారుతి 800లో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ ఉన్నదీ ఇదే ఏర్పాటులో. అదే ఏడాది బీఎంసీ వారసులు తెచ్చిన మాస్ట్రోలో గేర్‌బాక్సు సంప్ వదిలి ఇంజన్ పక్కకు వచ్చింది, మొదట్లో అది ఫోక్స్‌వ్యాగన్ నుంచి తెచ్చుకున్నది. మినీ మాత్రం 2000 దాకా గేర్లను ఆయిల్‌లో మోస్తూనే ఉంది.

బీఎండబ్ల్యూ చేతుల్లో 2001లో కొత్త మినీ వచ్చింది, 2007లో కొత్త ఫియట్ 500 వచ్చింది. రెండూ పాత కార్ల ముఖాలు పెట్టుకున్నవే, రెండూ మూడున్నర మీటర్లు దాటినవే. ఫియట్ ఇంజన్ వెనక నుంచి ముందుకు వచ్చింది, మినీ గేర్‌బాక్సు సంప్‌లోంచి బయటికి వచ్చింది. పెట్రోలుతో నడిచిన ఆ రెండు కొత్త కార్ల లోపలా ఉన్నది ప్రిములాలో జకోసా పెట్టిన వరసే.